చాలని కష్టం

కూతురి జబ్బు సరిపోదని లాయరు చెప్పినప్పుడు ఇసిద్రో బానెగాస్‌కి ముందు అర్థం కాలేదు. ఆవిడ మాట్లాడే స్పానిష్ కాస్త నంగినంగిగా ఉంటుంది. ఒక మాటకి బదులు ఇంకో మాట నోట్లోంచి జారి ఉంటుందనుకున్నాడు.

"సరిపోదంటే ఏంటి, డోన్యా కొరీన్?"

"జడ్జీకి సరిపోదు," అంది కొరీన్ ఆర్సెనో కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతూ. "యాదీరాకి షుగరుంది. చిన్నప్పట్నుంచీ ఉంది. రోజూ సూదులు పొడుచుకోవాలి. అన్నీ నిజమే. కానీ పిల్ల బడికెళ్తోంది, మంచి మార్కులు తెచ్చుకుంటోంది, నవ్వుతూ తిరుగుతోంది. ఇలాంటి పిల్లలు దేశం నిండా ఉన్నారంటారు వాళ్ళు. చట్టం అడిగేది మామూలు కష్టం కాదు, డోన్ ఇసిద్రో. అందరూ పడేదానికి మించిన కష్టం కావాలి."

"నన్ను పంపేస్తే దానికి ఇంకెవరున్నారు? ఇది చాలదా?"

"చాలదు. తండ్రిని పంపేస్తే ఏ పిల్లయినా ఏడుస్తుంది. ఊరికే ఏడిస్తే లెక్కలోకి రాదు."

ఇసిద్రో తారు మరకలు వదలని తన చేతుల్ని తొడల కింద దాచుకుని కూర్చున్నాడు. కోపం వచ్చినప్పుడు అతను చేసే పని అది. ఇరవయ్యేళ్ళ వయసులో హొండురాస్‌లోని ఒలాంచో నుంచి వచ్చాడు. న్యూ ఆర్లీన్స్ తుఫాను వరదలో మునిగి తేలిన మరుసటి ఏడాది అది. ఊళ్ళో మనుషుల కంటే ఇంటికప్పుల మీద నీలం టార్పాలిన్లే ఎక్కువగా కనిపించే రోజులు. అప్పుడు అతన్ని కాగితాలు ఎవరూ అడగలేదు. "ఎక్కగలవా?" అనడిగారు. "ఎక్కగలను" అన్నాడు. అంతే, ఆ పూటే నిచ్చెన వేశారు.

ఊరికి మళ్ళీ కప్పులు వచ్చాయి. ఇసిద్రోకి పెళ్ళయింది, యాదీరా పుట్టింది. పిల్ల బడిలో చేరిన ఏడాది దాని తల్లి వేరే మనిషితో హ్యూస్టన్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే పిల్ల బడిలో స్పృహ తప్పి పడిపోతే షుగర్ అన్నారు. నర్సు సూది ఎలా పొడవాలో చూపించింది. ఆ సాయంత్రం అతను పిల్లకి పొడిచే ముందు అలాంటిదే ఇంకో సూదితో తన పొట్టలో ఉప్పునీళ్ళు పొడుచుకుని చూశాడు, ఎంత నొప్పి పెడుతుందో తెలుసుకుందామని.

అతని పికప్ బండి వెనక లైటు పగిలి ఉందని ఒక పోలీసు ఆపాడు. లైసెన్సు లేదు. పోలీసు ఫోన్ చేశాడు, వలసల శాఖ వాళ్ళు వచ్చారు. ఉత్తరాన పైన్ తోపుల మధ్య ముళ్ళకంచె వేసిన క్యాంపులో కొన్ని వారాలు పెట్టారు. ఆ వారాల్లో యాదీరా అతనితో పనిచేసే మెల్కి ఇంట్లో ఉంది. మెల్కి వాళ్ళావిడకి సూదుల సంగతి అంతుపట్టక, పిల్లని ఒకసారి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. పూచీ కట్టించి ఇసిద్రోని బయటికి తెచ్చింది కొరీనే. అప్పట్నుంచీ కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతూ, ఇప్పుడు అసలు విచారణ దాకా వచ్చింది.

"వేరే దారేదైనా చూడండి," అన్నాడు.

"ఎన్నిసార్లు చూశాం? ఆశ్రయం అడగాలంటే వచ్చిన ఏడాదిలోపే అడగాలి."

"వచ్చిన ఏడాది నేను కప్పుల మీదున్నా. కింద వీధుల్లో దుర్వాసన ఇంకా పోలేదు. ఆశ్రయం అడగాలని నాకెవడు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదు. అది మీ తప్పేనంటుంది చట్టం."

"మెల్కి ఏమంటున్నాడంటే, పౌరసత్వమున్న ఎవరో ఒకర్ని పెళ్ళి చేసుకో అంటున్నాడు. ఇన్నాళ్ళూ ఒంటరిగా ఏం సాధించావురా అని."

కొరీన్ నవ్వింది. "మెల్కికి చెప్పండి, మీరు సరిహద్దు నది దాటి వచ్చారుగానీ గేటులోంచి ముద్ర వేయించుకుని రాలేదు. దేశాధ్యక్షుడి కూతుర్ని చేసుకున్నా మీరు బయటికెళ్ళి పదేళ్ళు కూర్చోవాల్సిందే. యాదీరాకి ఇరవై ఒకటి నిండాక ఆ పిల్ల మీకోసం అర్జీ పెట్టినా అంతే. లేదూ, మీ అంతట మీరే వెళ్తానని ఒప్పుకోవచ్చు. అప్పుడు గెంటేశారన్న ముద్ర పడదు. కానీ పదేళ్ళు మాత్రం తప్పవు. ఇక మిగిలింది మనం పెట్టిన అర్జీయే. పదేళ్ళ పైన ఉన్నారు, మంచి నడవడిక ఉంది, ఇక్కడే పుట్టిన బిడ్డ ఉంది. ఆ బిడ్డ కష్టం రుజువు చెయ్యాలి. ఉన్నది ఈ ఒక్క తలుపే."

కొంచెం ఆగి, కిటికీ వైపు చూస్తూ అంది. "ఇంకో మాట. నేనేమీ దాచమనడం లేదు. కోర్టులో అడిగితే నిజమే చెప్పాలి. కానీ కార్నివాల్ ఊరేగింపుల్లో పిల్ల బడి బ్యాండులో ఆ ట్యూబా బాకా మోసుకుంటూ మైళ్ళకి మైళ్ళు నడవడం... విచారణయ్యేదాకా కాస్త ఆగితే మంచిదేమో."

ఇసిద్రో చేతులు తొడల కిందే ఉన్నాయి.

* * *

"అయితే నన్నేం చెయ్యమంటావు?" అంది యాదీరా. "చక్రాల కుర్చీ ఒకటి అద్దెకి తెస్తావా? కళ్ళకింద నల్లరంగు నేను పూసుకోనా, నువ్వే పూస్తావా?"

వంటింట్లో నిలబడి బీన్స్ వేడిచేస్తోంది. పదిహేడేళ్ళ పిల్ల, వెడల్పాటి భుజాలు. బడి బ్యాండులో చేరిన కొత్తలో ఆ ట్యూబాని చూసి ఇసిద్రో భయపడ్డాడు. ఇత్తడి కొండచిలువలా ఒళ్ళంతా చుట్టుకుని, తల మీదుగా బండి చక్రమంత నోరు తెరుచుకుని ఉంటుంది. అది ఊదేది మగపిల్లలే. యాదీరా పట్టుబట్టి నేర్చుకుని, వాళ్ళందరి కంటే ముందు వరసలోకొచ్చింది.

"కోర్టు అయ్యేదాకానే," అన్నాడు.

"కార్నివాల్ కోర్టు కోసం ఆగుతుందా? ఇది నా ఆఖరి ఏడాది నాన్నా. వచ్చే ఏడాది బడే ఉండదు."

"వచ్చే ఏడాది నేనే ఉండకపోవచ్చు!"

అరిచాడు. పిల్ల మీద అతను అలా అరవడం అరుదు. యాదీరా గరిటె పెనం మీద పడేసింది.

"నేను రోగిష్టిదాన్నని వాళ్ళకి నువ్వు చెప్తావు. చిన్నప్పట్నుంచీ నాకేం చెప్పావు? ఎవరైనా పాపం అంటే పళ్ళు రాలగొట్టు అన్నావు. ఇప్పుడు వాళ్ళందరి ముందూ నిలబడి పాపం అనిపించుకోమంటున్నావు."

"అవును. అనిపించుకో. మానెయ్."

మర్నాడు ఆమె ట్యూబా బడిలో అప్పజెప్పేసింది. సాయంత్రాలు గదిలో కూర్చుని గోడకేసి చూసేది. తినేముందు సూది తనే పొడుచుకునేది, షుగర్ ఎంత చూపించిందని అతను అడిగితే అంకె చెప్పి ఊరుకునేది. అంతకుముందు ఆ అంకె చుట్టూ వాళ్ళిద్దరికీ ఎన్ని వేళాకోళాలుండేవో. ఎక్కువ చూపిస్తే "ఎవరింట్లో కేకు దొంగిలించావు?" అని అతను, తక్కువ చూపిస్తే "నీ వంట తినబుద్ధి కాక" అని ఆమె. ఇప్పుడు ఇంట్లో అంకెలు మాత్రమే వినిపించాయి.

జనవరిలో ఇసిద్రో ముఠాకి యాదీరా బడి పక్క వీధిలోనే పని పడింది. మధ్యాహ్నం కప్పు మీద మోకాళ్ళ మీద కూర్చుని పాత తారుపలకలు పెరుకుతుంటే, మైదానంలో బ్యాండు సాధన మొదలైంది. డప్పులు వచ్చాయి, ట్రంపెట్లు వచ్చాయి. కింద గుండెల్లో దడదడలాడాల్సిన మోత మాత్రం పలచగా ఉంది. అది యాదీరా వాయించే చోటని అతనికి తెలుసు. ఇన్నేళ్ళుగా విన్న చెవి.

"ఏంట్రా, చప్పగా ఉందీ వేళ?" అన్నాడు మెల్కి పక్కనుంచి. "మన పిల్లెక్కడ?"

"మాన్పించా."

"ఎందుకు?"

ఇసిద్రో చెప్పాడు. మెల్కి చేతిలో పార కప్పు మీద ఆనించాడు.

"ఒరేయ్ ఇసిద్రో, వాళ్ళు నిన్ను పంపాలనుకుంటే పిల్ల మంచమెక్కినా పంపుతారు. నువ్వు వెళ్ళాక దానికి మిగిలేదేంటో చూసుకున్నావా? మా నాన్న నన్ను కూర్చోబెట్టేసి వెళ్ళిపోయాడు అనుకుంటుంది."

ఇసిద్రో పారతో ఒక పలకని ఎంత గట్టిగా పొడిచాడంటే కింద చెక్క కూడా పగిలింది. మేస్త్రీ అరిచాడు. అతను వినిపించుకోలేదు. నిచ్చెన దిగి, తారు బట్టలతోనే మైదానం దాటి బ్యాండు మాస్టారి దగ్గరికి నడిచాడు. ఆయన లావుపాటి నల్లమనిషి, మెడలో ఈల వేలాడుతోంది.

"మా పిల్లని వెనక్కి తీసుకోండి," అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

"నేనెప్పుడు పంపాను?" అన్నాడు మాస్టారు. "ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు. రేపు రమ్మనండి."

ఆ సాయంత్రం యాదీరాకి చెబితే ఆమె ముందు నమ్మలేదు. తర్వాత, "లాయరమ్మ ఏమంటుంది?" అంది.

"ఏమైనా అననీ. నిన్ను కుంటిదాన్ని చేసుకుని నేనిక్కడ ఉండక్కర్లేదు."

ఊరేగింపు రోజు అతను బారికేడ్ల పక్కనే బ్యాండుతో పాటు మొత్తం దారంతా నడిచాడు. జేబుల నిండా జ్యూస్ పెట్టెలు, మిఠాయిలు. జనాన్ని తోసుకుంటూ, ఊరేగింపు బళ్ళ పైనుంచి విసురుతున్న పూసల దండల కింద తల వంచుకుంటూ, పిల్ల మీంచి చూపు తిప్పకుండా. సెయింట్ చార్లెస్ వీధి మలుపులో ఆమె అడుగు ఒకటి తప్పింది. అతను బారికేడ్ కింద నుంచి దూరి లోపలికెళ్ళాడు. బ్యాండు ఆగలేదు. ఆమె నడుస్తూనే వాద్యం నోటి నుంచి తీసింది. అతను పక్కనే నడుస్తూ జ్యూస్ పెట్టె గొట్టం ఆమె నోట్లో పెట్టాడు. తాగింది, మళ్ళీ ఊదింది. పక్కనున్న ఒక ముసలావిడ "అట్లా ఊదాలే అమ్మా!" అని కేకేసింది. ఇసిద్రోకి ఆ ఒక్క రోజు ఈ ఊరు తనదేననిపించింది.

* * *

విచారణ గదికి కిటికీలు లేవు. జడ్జీ తెల్లటి జుట్టున్న మర్యాదస్థుడు. గొంతు పెంచడు. ఇసిద్రో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టారు. మూలన కూర్చున్న దుబాసీ గొంతు అందులోంచి వస్తుంది. ఎవరేమన్నా ఆమె ఒకే స్వరంతో చెబుతుంది. తిట్టయినా, పొగడ్తయినా, తేదీ అయినా.

కొరీన్ డాక్టరు మాటలు వినిపించింది. ఒలాంచోలో ఆ మందులు దొరికే చోటికి ఎంత దూరం పోవాలో చెప్పింది. తల్లి ఫోన్ చేసి ఏళ్ళయిందని చెప్పింది. ఇసిద్రో క్యాంపులో ఉండగా పిల్ల ఆసుపత్రి పాలైన సంగతి చెప్పింది. అప్పటిదాకా బాగానే నడిచింది.

తర్వాత ప్రభుత్వ లాయరు లేచాడు. కుర్రవాడు, తల నున్నగా దువ్వుకున్నాడు. గోడ మీది తెరపై ఒక వీడియో వేశాడు. బడి వాళ్ళు అందరూ చూసేలా పెట్టిందే. తెర మీద యాదీరా. ఊదా రంగు బ్యాండు దుస్తులు, మెరుస్తున్న ట్యూబా, అడుగు వెనక అడుగు.

"ఇది నువ్వేనా?"

"నేనే," అంది యాదీరా సాక్షి కుర్చీలోంచి.

"ఆ వాద్యం బరువు చాలానే ఉంటుంది కదా?"

"మీరెత్తితే ఎక్కువే ఉంటుంది."

వెనక ఎవరో నవ్వారు. కుర్ర లాయరు నవ్వలేదు. "దాన్ని మోస్తూ ఎన్నో మైళ్ళు నడిచావు. స్పృహ తప్పలేదు. ఆసుపత్రికి వెళ్ళలేదు. నీ చేతికి ఒక బిళ్ళ అంటించి ఉంటుందని, షుగర్ తగ్గితే నీ ఫోన్ మోగుతుందని డాక్టరు చెప్పారు. అంటే ఎవరి సాయం లేకుండానే నీకు తెలుస్తుంది. అవునా?"

"ఫోన్ మోగుతుంది సర్. నిద్రలో మోగితే నేను లేవను. షుగర్ పడిపోయినప్పుడు మనిషి లేవలేడు, అందుకే దాన్ని పడిపోవడం అంటారు. మా నాన్న లేస్తాడు. ఆయన నిద్రపోకపోబట్టే నేను నిద్రలో చచ్చిపోలేదు."

యాదీరా ఆగలేదు.

"ఆ వీడియో పూర్తిగా చూశారా మీరు? అంచున చూడండి. పసుప్పచ్చ టోపీ. మలుపు దగ్గర లోపలికి దూరి నాకు జ్యూస్ తాగించినాయన. ఆయన్నే మీరు పంపిస్తానంటున్నారు. నాకు ఎవరి సాయం అక్కర్లేదని చెప్పడానికి ఆయనే ఉన్న వీడియో తెచ్చారు."

జడ్జీ వీడియో మళ్ళీ వేయమన్నాడు. వేశారు. పసుప్పచ్చ టోపీ అందరికీ కనిపించింది. కొరీన్ బల్ల కింద ఇసిద్రో మోచేయి పట్టుకుని నొక్కింది. గెలిచామన్నట్టే ఉంది ఆ నొక్కడం. ఇసిద్రో కూడా ఊపిరి వదిలాడు.

కొంత విరామం తర్వాత జడ్జీ తీర్పు చదవడం మొదలుపెట్టాడు. ఇయర్‌ఫోన్‌లో దుబాసీ గొంతు. ఈ తండ్రి మాటలు నమ్మదగినవి. ఇంత శ్రద్ధ గల తండ్రులు అరుదు. కూతురు తెలివైనది, ధైర్యవంతురాలు. తండ్రి క్యాంపులో ఉన్నప్పుడు ఆసుపత్రిలో చేరిన మాట నిజమే గానీ, అప్పుడు చిన్నది. ఇప్పుడు తన జబ్బుని తనే చక్కగా చూసుకుంటోంది, అందుకు ఆ తండ్రి పెంపకాన్నే మెచ్చుకోవాలి. త్వరలో పద్దెనిమిది నిండుతాయి. మంచి ఆసుపత్రులున్న ఊళ్ళో ఉంది. తల్లి కూడా ఈ దేశంలోనే ఉంది. తండ్రి వెళ్ళిపోతే కష్టం తప్పకుండా ఉంటుంది. అయితే, చట్టం అడిగిన స్థాయికి అది చేరలేదు. అర్జీ తోసిపుచ్చడమైనది.

ఇసిద్రోకి 'పెంపకాన్ని మెచ్చుకోవాలి' దగ్గరే ఆగిపోయింది బుర్ర.

"తన అంతట తాను వెళ్ళేందుకు గడువు కోరుతున్నారా?" అడిగాడు జడ్జీ.

కొరీన్ అతని వైపు వంగి గుసగుసగా అంది. "అడుగుదాం. అప్పీలు హక్కు పోదు. ఓడిపోతే పనికొస్తుంది."

"వద్దు."

"డోన్ ఇసిద్రో, నా మాట వినండి..."

అతను లేచి నిలబడ్డాడు. చేతుల్ని దాచుకోవడానికి చోటు లేదు. "జడ్జీగారూ, ఒక్క మాట."

కొరీన్ అతని చొక్కా లాగింది. జడ్జీ తల ఊపాడు.

"పిల్లని సరిగ్గా చూసుకోకపోతే చెడ్డ తండ్రివి, పో అంటారు. సరిగ్గా చూసుకుంటే, బాగానే పెంచావు, ఇక నీ పని లేదు, పో అంటారు. ఎలా పెంచితే ఉండనిస్తారో ఆ చట్టంలో ఎక్కడ రాసుందో నాకు చూపించండి. నేను దానికి సూది పొడవడం నేర్పాను. పడిపోతే లేవడం నేర్పాను. ఎవరి దగ్గరా ఏడవద్దని నేర్పాను. అదే నా తప్పా? దాన్ని ఏడవడం నేర్పి తెచ్చుంటే మీకు సరిపోయేదా?"

దుబాసీ చివరి మాట దాకా ఇంగ్లీషులో చెప్పింది. ఆమె గొంతు మొదటిసారి కొద్దిగా తడబడింది.

"మిస్టర్ బానెగాస్, మీ బాధ నాకు అర్థమైంది," అన్నాడు జడ్జీ మెల్లగా.

"కాలేదు. అర్థమైతే ఇంత మర్యాదగా చెప్పగలిగేవారు కాదు. గడువు నేను అడగను. నా అంతట నేను నా బిడ్డని వదిలి వెళ్తానని నా నోటితో అనను. పంపాలంటే మీరే పంపండి, ఆ పని మీ చేత్తో చెయ్యండి. కానీ అప్పీలు చేస్తాను."

"అప్పీలు హక్కు మీకుంది," అని జడ్జీ రాసుకున్నాడు.

* * *

బయట వరండాలో కొరీన్ అతని మీద విరుచుకుపడింది. "మీ మంచికి చెప్పాను! ఇప్పుడు మీ పేరు మీద గెంటివేత ఆర్డరే ఉంటుంది. అప్పీలు పోతే మీకు ఇంకేం మిగలదు, తెలుసా? కోపం నాకు రాలేదనుకున్నారా? కోపంతో కేసు నడుస్తుందా?"

"ఇన్నేళ్ళూ చల్లగా నడిపాం కదా. ఏమైంది?"

ఆవిడ సంచిలోంచి సిగరెట్టు తీసి, ఆ భవనంలో కాల్చకూడదని గుర్తొచ్చి, చేత్తో నలిపేసింది. "ఏమీ కాలేదు," అంది. "బ్యాండు మానమని నేను చెప్పకుండా ఉండాల్సింది. మానినా మానకపోయినా ఆ జడ్జీ తీర్పు ఇదే అయ్యుండేది."

యాదీరా మెట్ల మీద కూర్చుని ఉంది. ఫోన్‌లో అంకె చూసుకుని, "ఎక్కువుంది. కోపానికి కూడా పెరుగుతుంది," అని చొక్కా కొంచెం పైకెత్తి సూది పొడుచుకుంది, కోర్టులోకి వచ్చేపోయే వాళ్ళంతా చూస్తుండగానే. సూటు వేసుకున్న ఒకతను చూపు తిప్పుకున్నాడు. "చూడండి సర్, ఫరవాలేదు," అంది అతనితో. "మీ వాళ్ళకిది చాల్లేదు."

పికప్‌లో కూర్చుని, ఆమె పొద్దున చుట్టుకొచ్చిన బలేయాదా రొట్టెలు తిన్నారు. చల్లారిపోయి బీన్స్ గట్టిపడ్డాయి. తింటూ యాదీరా అంది.

"వెళ్తానని ఒప్పుకుంటావేమోనని భయపడ్డా."

"నువ్వలా అనుకున్నావా?"

"ఆ జడ్జీ అంత బాగా మాట్లాడాడు కదా. బాగా మాట్లాడేవాళ్ళకి నువ్వు సరేనంటావు. మేస్త్రీకి కూడా అంతేగా."

ఇసిద్రోకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. స్టీరింగ్ మీద తల ఆనించాడు. యాదీరా అతని వీపు మీద చెయ్యి వేసి, చిన్నపిల్లని జోకొట్టినట్టు కొట్టింది. తర్వాత, "సరే, పోనీ బండి. పార్కింగు వాడు చూస్తున్నాడు," అంది.

కొరీన్ ఆ వారంలోనే అప్పీలు పెట్టింది. జడ్జీ ఒక్కో కష్టాన్నీ విడివిడిగా తీసి ఇది చాలదు, ఇది చాలదు అని పక్కన పడేశాడనీ, అన్నీ కలిపి ఒకే పిల్ల నెత్తిన పడితే ఎంత బరువో చూడనే లేదనీ రాసింది. అప్పీలు తేలేదాకా ఎవరూ వచ్చి తలుపు కొట్టకూడదని చట్టమే అంటుందని చెప్పింది. అయినా ఇసిద్రో ప్రతి పొద్దునా కర్టెను సందులోంచి వీధి చూసిగానీ బయటికెళ్ళేవాడు కాదు. ఆ చూడ్డం అతనికి అసహ్యంగా ఉండేది.

యాదీరాకి పద్దెనిమిది నిండాయి. ఊళ్ళోనే కాలేజీలో చేరింది. దూరంగా ఇంకో రాష్ట్రంలో సీటు వచ్చిందన్న సంగతి అతనికి చెప్పలేదు. మెల్కి భార్య నోటి నుంచి బయటపడ్డాక ఇంట్లో పెద్ద గొడవైంది. "నా కోసం ఆగితే ఊరుకోను," అన్నాడు. "నీ కోసం కాదు, నా ఇష్టం," అంది. ఎవరూ తగ్గలేదు. ఆమె వెళ్ళనూ లేదు.

అప్పీలు మీద జవాబు రావడానికి ఏడాది దాటింది. మళ్ళీ గాలివాన సీజను, ఊరంతా పనే పని. ఒక వేడి మధ్యాహ్నం కప్పు మీద ఉండగా కొరీన్ ఫోన్ చేసింది.

"పైవాళ్ళు కేసు వెనక్కి పంపారు," అంది. గొంతు ఎగిరిపడుతోంది. "మనం చెప్పిందే అన్నారు. అన్నీ కలిపి చూడలేదు, మళ్ళీ విను అన్నారు జడ్జీని. ఆర్డరు కొట్టేశారు డోన్ ఇసిద్రో!"

మెల్కి విని ఈల వేసి, ఇంకో కప్పు మీద వాళ్ళకి కూడా కేకేసి చెప్పాడు. వాళ్ళు సుత్తులు పైకెత్తారు. ఇసిద్రో మాత్రం కదల్లేదు. ముఖం మీంచి చెమట గడ్డం దాకా కారుతోంది.

"మళ్ళీ విను అంటే? మళ్ళీ అక్కడ నిలబడాలా? మళ్ళీ పిల్లని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలా?"

"కూర్చోబెట్టాలి. గెలవచ్చు, ఓడిపోవచ్చు. ఇది మొదటికంటే మంచి అవకాశం. దీనికి సంతోషించాలి మీరు."

"సంతోషం లేదు, డోన్యా కొరీన్. వాళ్ళ తప్పు వాళ్ళు ఒప్పుకోడానికి ఇంతకాలం పట్టింది. ఆ కాలమంతా మేము కర్టెను సందులోంచి చూస్తూ బతికాం. దాన్ని ఎవరిస్తారు వెనక్కి?"

"ఎవరూ ఇవ్వరు," అందావిడ.

"సరే. ఎప్పుడు రమ్మంటారో చెప్పండి, వస్తాం. ఆ కుర్ర లాయరుకి ఒక మాట చెప్పండి. నా కూతురు ఈసారి కూడా ఏడవదు."

ఫోన్ జేబులో పెట్టుకుని, టోపీతో ముఖం తుడుచుకున్నాడు. పడమటి వైపు మబ్బు పడుతోంది. కప్పు సగం ఇంకా తెరిచే ఉంది. కింద ఆ ఇంటావిడ పెరట్లోకొచ్చి, వాన వచ్చేలోపు అవుతుందా అని భయంభయంగా అడుగుతోంది.

"అవుతుందమ్మా," అన్నాడు ఇసిద్రో, "లోపలికెళ్ళండి." మెల్కిని పలకలు అందించమని అరిచాడు.